మండువా లోపలికి చూస్తుంది, బంగళా బయటికి

పెద్ద గేటు, రెండంతస్తులు, పోర్టికోలో కారు ఉంటే చాలు, మన ఊళ్లలో దాన్ని బంగళా అనేస్తాం. ఇంగ్లండులో బంగళా అంటే మెట్లెక్కలేని వయసులో కొనుక్కునే ఒంటి అంతస్తు చిన్న ఇల్లు. అమెరికాలో అయితే వందేళ్ల కిందటి మధ్యతరగతి ఇల్లు. మూడింటికీ మూలం ఒకటే. బెంగాల్ పల్లెల్లో వెదురుతో, గడ్డితో వేసుకున్న గుడిసె అది. ఆ గుడిసెలో ఏ భాగం ఎందుకు నిలిచింది, ఏది ఎక్కడ రాలిపోయింది అన్నది తెలిస్తే, ఏ ఇంటికి బంగళా లక్షణాలున్నాయో, ఏ ఇంటికి వేషం మాత్రమే ఉందో గుర్తుపట్టడం తేలిక.

గుడిసె నుంచి కంపెనీ దొరల దాకా

బెంగాల్ నేల పల్లం, వాన ఎక్కువ. అందుకని ముందు మట్టి పోసి దిబ్బ ఎత్తు చేసి, దాని మీద ఇల్లు వేసేవాళ్లు. కప్పుకి వెదుళ్లను వంచి కట్టేవాళ్లు కాబట్టి కొప్పు మధ్యలో ఎత్తుగా, రెండు కొసల్లో వాలుగా ఉండేది. చూరు కూడా అదే వంపు తిరిగేది. నీళ్లు ఎక్కడా నిలవవు, గడ్డి కుళ్లదు. రెండు వాలులుంటే దోచాలా, నాలుగుంటే చార్‌చాలా. ఈ వంపు రాజులకూ నచ్చింది. 1633లో షాజహాన్ లాహోరు కోటలో కట్టించిన నౌలఖా మంటపానికి పాలరాతిలో అదే కప్పు వేయించాడు. 1655లో బిష్ణుపూర్ మల్ల రాజు రఘునాథ సింహ కట్టించిన జోడ్‌బంగ్లా గుడి, రెండు దోచాలా గుడిసెలను పక్కపక్కన పెట్టి కాల్చిన ఇటుకల్లో దించినట్టుంటుంది.

1676లో హుగ్లీలోని ఈస్టిండియా కంపెనీ వాళ్లు తమ ఓడల మీద పనిచేసే ఇంగ్లీషువాళ్ల కోసం బంగళాలు గానీ పాకలు గానీ వేయించాలని రాసుకున్నారు. అంటే అప్పటికి వాళ్ల లెక్కలో బంగళా పాకతో సమానం. తరవాతి వందేళ్లలో ఆ పాకే మారుతూ వచ్చింది. మధ్య గది గోడలు ఇటుకతో కట్టారు. చూరు కింద చుట్టూ ఉన్న జాగా వరండా అయింది. వరండా నాలుగు మూలలను గోడలతో మూస్తే స్నానపు గదులు, బట్టలు మార్చుకునే గదులు వచ్చాయి. పెద్ద గది చుట్టూ మరో పొర వచ్చే ఈ అమరికలో సైనికుల రెండు పొరల గుడారం పోలిక కూడా ఉందని చరిత్రకారులు అంటారు. దండు కదిలిన చోటల్లా ఇలాంటి ఇళ్లే లేచాయి కాబట్టి ఆ మాట నమ్మదగ్గదే.

మన గోదావరి జిల్లాల మండువా లోగిలిని దీని పక్కన పెట్టి చూడాలి. మండువాలో నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలుతుంది. వాన నీళ్లు నడిమధ్య గుంటలో పడతాయి. వసారాలు ఆ గుంట చుట్టూ ఉంటాయి. బయటి గోడకి కిటికీలు తక్కువ. వీధి వైపు అరుగు, ఆ పక్కన మరో ఇంటి అరుగు. గాలీ వెలుతురూ లోపలి ఆకాశం నుంచే రావాలి. బంగళా అంటే చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టు ఈ మండువానే తిరగేసినది. కప్పు బయటికి వాలుతుంది, వసారా బయటికి పోతుంది, మధ్యలో ఆకాశం బదులు పెద్ద హాలు ఉంటుంది. ఖాళీ జాగా అంతా ఇంటి చుట్టూరా చేరుతుంది. చుట్టూ ఎకరాల కొద్దీ ఖాళీ ఉంటేనే ఇది కుదురుతుంది. ఇరుగూ పొరుగూ కిటికీలోంచి చూసేంత దగ్గరగా ఉంటే బంగళా పనిచేయదు. ఊరికి దూరంగా, జనానికి దూరంగా ఉండాలనుకున్న దొరలకి ఆ ఖాళీ అధికారానికి గుర్తు కూడా.

వరండా ఎంత వెడల్పు?

బంగళా మొత్తానికి ఆయువుపట్టు వరండా. ఇప్పటివాళ్లు ఎక్కువగా పాడు చేసేదీ దాన్నే. ముందు నాలుగడుగుల వెడల్పున ఒక స్తంభాల వరస పెట్టి వరండా అయిందనుకుంటారు. ఎండ లెక్క వేరే.

కాకినాడ, విజయవాడ, హైదరాబాదు అన్నీ దాదాపు 16 నుంచి 17.5 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాయి. మే నెల మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు, గోడ మీద పెద్దగా పడడు, కప్పు మీద పడతాడు. గోడని కాల్చేది సాయంకాలపు పడమటి ఎండ. మే చివర్లో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు దిగంతం నుంచి సుమారు 33 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. చూరు అంచు వరండా నేల నుంచి 8 అడుగుల ఎత్తున ఉందనుకుందాం. గోడ నుంచి చూరు అంచు దాకా 4 అడుగులే ఉంటే ఎండ గోడ మీద 5 అడుగుల పైచిలుకు ఎత్తు దాకా పాకుతుంది. 8 అడుగులుంటే రెండున్నర అడుగులకు దిగుతుంది. 10 అడుగులుంటే అడుగూ పావు దగ్గర ఆగిపోతుంది. పాత బంగళాల్లో వరండాలు 8 నుంచి 12 అడుగులు ఉండడానికి ఈ లెక్కే కారణం. ఆ కాస్త మిగిలిన ఎండని, అయిదింటి తరవాతి వాలు ఎండని జాఫ్రీలు (చెక్క అల్లిక తడకలు), వెదురు తెరలు ఆపేవి.

దక్షిణం వైపు ఇబ్బంది తక్కువ. డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. 7 అడుగుల చూరు ఉంటే గోడకి ఎండ తగలదు. కాబట్టి నాలుగు వైపులా వరండా వేసే స్తోమత లేకపోతే పడమరకి ముందు వేయాలి, తూర్పుకి తరవాత. ఉత్తరం, దక్షిణం చివర. చాలామంది వాస్తు కోసమో, వీధి వైపు అందం కోసమో పడమర వదిలేసి ఉత్తరానికి వరండా పెట్టుకుంటారు. అందంగానే ఉంటుంది, పడకగది మాత్రం రాత్రి పదింటి దాకా సెగలు కక్కుతుంది.

వరండాకి ఒక లోపం ఉంది. చుట్టూ పదడుగుల చూరు ఉంటే నడిమి హాలు చీకటి గుయ్యారం అవుతుంది. దీనికి విరుగుడుగా నడిమి హాలు గోడలను వరండా కప్పు కంటే పైకి లేపి, ఆ పై భాగంలో చిన్న వెంటిలేటర్లు పెట్టారు. 15 నుంచి 20 అడుగుల ఎత్తున్న హాల్లో వేడి గాలి పైకి లేచి వాటిలోంచి పోతుంది. కింద వరండా నీడలో చల్లబడ్డ గాలి తలుపుల్లోంచి లోపలికి వస్తుంది. వెంటిలేటరు మధ్యలో ఇరుసు మీద తిరిగేది, తాడు లాగితే తెరుచుకునేది. ఇవాళ పాత బంగళాల్లో ఏసీ పెట్టగానే మొదట మూసేసేది వీటినే. ఫాల్స్ సీలింగు వేసి మూశాక కరెంటు పోయిన రోజున ఆ ఇల్లు మామూలు స్లాబు ఇంటికన్నా అన్యాయం.

వట్టివేళ్ల తడికెల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పడమటి తలుపులకి వట్టివేళ్ల తడికె కట్టి నీళ్లు చల్లుతుంటే లోపలికి చల్లగాలి వస్తుంది. ఇది సికింద్రాబాదు పక్కన బొల్లారం, తిరుమలగిరి లాంటి పొడి ఎండ ఉన్న చోట బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మచిలీపట్నంలోనో కాకినాడలోనో గాలిలో అప్పటికే తేమ నిండుగా ఉంటుంది, నీరు ఆవిరి కాదు. తడికె తడిసి వాసన వస్తుందే తప్ప గది చల్లబడదు. సముద్రపు ఒడ్డున పనిచేసేది ఎదురెదురు తలుపులూ, గాలివాటమూ, పంకానే. కూలర్ల విషయంలో నేటికీ ఇదే తేడా.

కప్పు: గడ్డి, మద్రాసు టెర్రసు, పెంకు

గడ్డి కప్పంత చల్లనిది ఇంకోటి లేదు. కానీ ఎలుకలు, పాములు, చెదలు, రాలే దుమ్ము తప్పవు. లోపల అడ్డంగా బట్ట బిగించి సున్నం వేసి సీలింగులా చూపించేవాళ్లు, ఆ బట్ట మీద రాత్రంతా ఎలుకలు పరుగులు పెట్టేవి. పెద్ద గండం నిప్పు. 1857లో మీరట్‌లో సిపాయిలు దొరల బంగళాలకు నిప్పుపెట్టినప్పుడు గడ్డి కప్పులు ఇట్టే అంటుకున్నాయి.

మద్రాసు ప్రెసిడెన్సీలో దానికి బదులుగా వాడింది మద్రాసు టెర్రసు. దాదాపు అడుగున్నర దూరంలో టేకు దూలాలు పరిచి, వాటి మీద అంగుళం మందం ఉండే పలచటి ఇటుకలను నిలువుగా, ఐమూలగా, గానుగ సున్నంతో పేరుస్తారు. అది ఆరాక ఇటుక కంకరా సున్నమూ కలిపి మూడు నాలుగంగుళాల మందం పోసి, కొన్ని రోజుల పాటు వరసగా కూర్చుని చెక్క బడితెలతో కొడతారు. కొడుతున్నంత సేపూ కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతుంటారు. కొట్టడం ఆపేది దెబ్బకి బడితె ఎగిరి పడేటంత గట్టిపడ్డప్పుడే. ఆపైన పలక పెంకులు పరిచి, నీళ్లు పోయే వాలు ఇస్తారు.

ఈ కప్పు పాడయ్యేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట. గోడలోకి దూరిన దూలం కొసలు అవి. తూము మూసుకుపోయి నీళ్లు నిలిస్తే గోడ తడుస్తుంది, దూలం కొస గోడలోపల కుళ్లుతుంది, కింద నుంచి చూస్తే ఏమీ తెలియదు. సుత్తితో తట్టి చూస్తే బోలు శబ్దం వస్తుంది. సన్నని ఉలి గుచ్చితే మెత్తగా దిగుతుంది. కురుస్తోందని పైన మరో మూడంగుళాల సిమెంటు కాంక్రీటు పోయించడం చేయగూడని పని. బరువు పెరుగుతుంది, అడుగున తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది, దూలాలు ఇంకా తొందరగా పోతాయి. గోడల విషయంలోనూ అంతే. సున్నపు గోడ తేమని పీల్చి వదులుతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే తేమ లోపలే నిలిచి పైకి పాకుతుంది, రెండేళ్లలో పూత పొక్కులు లేచి పడిపోతుంది. మళ్లీ సున్నమే వేయాలి. గానుగ సున్నం దొరకదని సాకు చెప్పే మేస్త్రీ దొరికితే మేస్త్రీని మార్చాలి.

మూడో రకం, ఇప్పుడు బంగళా అనగానే కళ్ల ముందు మెదిలేది, ఎర్ర పెంకు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. కోస్తాలో వాటికి బెంగుళూరు పెంకులన్న పేరు స్థిరపడిపోయింది. కూన పెంకుల్లా ఒకదాని మీద ఒకటి దొంతర్లుగా పడుకోకుండా, గాడిలో గాడి కూర్చుని పట్టుకుంటాయి. అందువల్ల కప్పు బరువు తగ్గింది, వాసాలూ, వాటి మీద అడ్డంగా పెంకులను మోసే రీపర్లూ సన్నగా వేసుకోగలిగారు. ఒక్కోటి 2 నుంచి 3 కిలోలు, చదరపు మీటరుకి దాదాపు 15 పడతాయి. అంటే వంద చదరపుటడుగులకి 140. విరిగేవాటికి పదిశాతం ఎక్కువ తెప్పించుకోవాలి. వాలు అడుగుకి ఆరంగుళాల కంటే తగ్గకూడదు. తగ్గితే ఎదురుగాలితో కొట్టే వానకి నీళ్లు గాడిలోంచి వెనక్కి ఎక్కుతాయి. రీపర్ల దూరం ముందే లెక్కేసుకుని బిగిస్తే కుదరదు. తెప్పించిన పెంకులనే నాలుగైదు కింద పరిచి, గాడికి గాడి ఎంత దూరం వస్తుందో కొలిచి, దాని ప్రకారమే రీపరు కొట్టాలి. ఫ్యాక్టరీకీ ఫ్యాక్టరీకీ అర అంగుళం తేడా ఉంటుంది, పదిహేను వరసలకి అది ఏడంగుళాలు.

తుపాను తీరంలో ఇంకో జాగ్రత్త కావాలి. ప్రధాన కప్పునే ఏకవాలుగా వరండా చివరి దాకా లాగితే చూడ్డానికి బాగుంటుంది, కానీ గాలి చూరు కిందికి దూరి మొత్తం కప్పుని లేపుతుంది. వరండా కప్పుని ఒక మెట్టు కిందికి దించి విడిగా కడితే, పోయినా వరండా కప్పే పోతుంది, ఇల్లు మిగులుతుంది. అంచు వరసలనూ కొప్పు పక్క వరసలనూ రీపరుకి తీగతో కట్టేయాలి. వాసం దూలానికి, దూలం స్తంభానికి, స్తంభం నేలలోని దిమ్మకి ఇనుప పట్టీలతో బిగిసి ఉండాలి. మేకులు ఒక్కటే చాలవు.

వంటిల్లు ఎక్కడ?

బంగళా పొగ, వేడి, నిప్పు, పనివాళ్లు అన్నిటినీ ఇంటి నుంచి దూరంగా పెట్టింది. వంటిల్లు వెనకాల విడిగా ఉంటుంది. స్నానపు గదికి బయటి వైపు మరో తలుపు, పాకీపని చేసేవాళ్లు ఇంట్లోకి అడుగుపెట్టకుండా అటు నుంచే వచ్చిపోవడానికి. మన కులం, వాళ్ల దొరతనం రెండూ కలిసి గీసిన ప్లాను అది.

దీన్ని ఇప్పుడు ఎవరైనా వెళ్లి చూడగల చోటు బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం. 1860లో కట్టిన ఒంటి అంతస్తు ఇల్లు, 11 గదులు, చుట్టూ 90 ఎకరాల ఆవరణ. ఒకప్పుడు నిజాము కొలువులో బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంటుకి విడిది. వంటశాల వేరే కట్టడంలో ఉంది. అక్కడి నుంచి భోజనాల గదికి నేల కింద సొరంగం తవ్వారు. వంటకాలు దానిలోంచే వచ్చేవి, మోసేవాళ్లు తోటలో అతిథుల కంట పడకుండా. ఆ సొరంగం గోడల మీద ఇప్పుడు చేర్యాల బొమ్మలున్నాయి.

ఇదే ప్లాను చిన్నదిగా కుదించితే ట్రావెలర్స్ బంగళా. రోడ్ల వెంట ఒక రోజు ప్రయాణానికి ఒకటి చొప్పున, సుమారు 10 నుంచి 15 మైళ్లకి, రెండు గదులూ రెండు స్నానపు గదులూ ముందూ వెనకా వరండాతో కట్టారు. ఇరిగేషను వాళ్లవీ, అడవి శాఖవీ, రైల్వేవీ అదే అచ్చు. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండకి ఆ పేరు వచ్చింది కూడా అక్కడ వేసవి బంగళా కట్టించుకున్న కడప కలెక్టరు హార్స్‌లీ వల్లనే.

సముద్రం దాటాక

నౌకర్లు లేని దేశాలకి ఈ ప్లాను వెళ్తే ఏమవుతుంది? వంటిల్లు లోపలికి వస్తుంది.

ఇంగ్లండులో కెంట్ తీరాన, వెస్ట్‌గేట్, బర్చింగ్టన్‌లలో 1869-70 ప్రాంతంలో జాన్ టేలర్ అనే ఆర్కిటెక్టు మొదటి బంగళాలు కట్టాడు. సముద్రపు గాలి కోసం వచ్చే డబ్బున్నవాళ్ల సెలవు ఇళ్లు అవి. కవి, చిత్రకారుడు డాంటే గాబ్రియేల్ రోసెట్టి 1882లో చనిపోయింది బర్చింగ్టన్‌లోని ఒక బంగళాలోనే. అమెరికాలో బంగళా పేరుతో కట్టిన తొలి ఇల్లు 1879లో విలియం గిబ్బన్స్ ప్రెస్టన్ కేప్ కాడ్ తీరానికి గీసినది. విచిత్రమేమిటంటే దానికి ఒంటి అంతస్తు కాదు, రెండు.

అసలు విస్తరణ కాలిఫోర్నియాలో జరిగింది. నేల చవక, వాన తక్కువ, కలప దండి. వాలు తక్కువ కప్పు, రెండు మూడడుగులు బయటికి వచ్చే చూరు, చూరు కింద దాచకుండా వదిలేసిన వాసాల కొసలు, ముందు వరండా, కింద వెడల్పు పైన సన్నం ఉండే చదరపు స్తంభాలు, ఇటుక దిమ్మలు. లోపల నడవాలు లేవు, హాల్లోంచి భోజనాల గదిలోకి తలుపు లేకుండా దారి, గోడలోనే అల్మారాలు. ఇల్లాలు ఒక్కతే వండుకోవాలి కాబట్టి చిన్న వంటిల్లు. పాసడీనాలో ఆర్కిటెక్టులు గ్రీన్ సోదరులు 1908లో మొదలుపెట్టిన గాంబుల్ హౌస్ ఈ శైలికి రాజభవనం లాంటిది. సామాన్యుడికి దక్కింది మాత్రం కేటలాగు ఇల్లు. తపాలా ఆర్డర్ల మీద సరుకులమ్మే సియర్స్ కంపెనీ 1908 నుంచి 1940 దాకా ఇంటికి కావలసిన కలపని రైలు పెట్టెలో పంపింది. పునాది, ఇటుకపని కొన్నవాళ్లదే.

షికాగోలో ఉంటున్న మనవాళ్లు రోజూ చూసే ఇటుక బంగళాలు 1910-1940 మధ్యవి, అక్కడ అలాంటివి సుమారు 80 వేలు. స్థలాలు పాతికడుగులో కాస్త ఎక్కువో వెడల్పు ఉండడంతో ఇల్లు వెనక్కి సాగింది, వరండా కుంచించుకుపోయి ముందు గదికి కిటికీల వరసగా మారింది. ఎండకి పుట్టిన చూరు మంచుకి వస్తే వేరే తంటా. ఇంటి వేడికి కొప్పు దగ్గర మంచు కరిగి కిందికి జారుతుంది, వేడి తగలని చూరు అంచుకి రాగానే మళ్లీ గడ్డకట్టి ఆనకట్టలా నిలుస్తుంది. వెనక నిలిచిన నీరు కప్పు పొరల కిందికి ఎక్కి గోడలోకి దిగుతుంది. సీలింగు పైన వేడిని ఆపే పొర దట్టంగా వేసి, అటక గాలాడేట్టు చేస్తే తప్ప అది ఆగదు. పాత బంగళా కొనేవాళ్లు స్తంభాలను కూడా కింద తట్టి చూడాలి. చూడ్డానికి దిట్టంగా ఉండే ఆ స్తంభాలు చాలావరకు పలకలతో చేసిన డొల్ల పెట్టెలు. లోపలి సన్నని కంబం బరువు మోస్తుంది, దాని అడుగే ముందు కుళ్లుతుంది.

ఇప్పుడు కట్టాలంటే, కొనాలంటే

30 అడుగుల వెడల్పు స్థలంలో బంగళా రాదు. రెండు పక్కలా అయిదేసి అడుగులు వదిలితే 20, రెండు పక్కలా ఎనిమిదేసి అడుగుల వరండా వేస్తే మిగిలేది 4. అలాంటి స్థలానికి మండువా బుద్ధే మేలు, మధ్యలో చిన్న ఖాళీ వదులుకోవాలి. 500 గజాలు ఉంటే పడమరకీ ముందుకీ నిజమైన వరండా వేసుకోవచ్చు. బేస్‌మట్టం రోడ్డు కంటే రెండడుగులైనా ఎత్తుండాలి. రోడ్లు మళ్లీ మళ్లీ వేస్తూ పైకి లేస్తున్న ఊళ్లలో మూడు.

వాలు స్లాబు పోసి పైన పెంకులు అంటించడం ఇవాళ్టి వాడుక. అది పెంకు కప్పు కాదు, పెంకు రంగు స్లాబు. నిజమైన పెంకు కప్పులో సందుల్లోంచి వేడి గాలి బయటికి పోతుంది. స్లాబు పగలంతా వేడిని దాచి రాత్రి దించుతుంది. పైగా వాలులో పోసే కాంక్రీటు కిందికి జారుతుంది, సరిగా కుదించలేరు, కంకర తేలి బోలు పడుతుంది, మూడో వానాకాలానికి అక్కడే కురుస్తుంది. స్లాబు తప్పదనుకుంటే వాలు వెంబడి ఒక వరస పట్టీలు, వాటి మీద అడ్డంగా రీపర్లు బిగించి పెంకులు వేలాడదీయాలి. అప్పుడు స్లాబుకీ పెంకుకీ మధ్య రెండంగుళాల గాలి తిరుగుతుంది.

కంటోన్మెంటులో పాత బంగళా బేరానికి వస్తే కప్పు కంటే ముందు కాగితం చూడాలి. వాటిలో చాలా వరకు ఓల్డ్ గ్రాంట్ కిందివి. 1836 నాటి ఉత్తర్వుతో మొదలైన ఆ పద్ధతిలో నేల ప్రభుత్వానిది, పైకట్టడం మాత్రమే ఉన్నవాళ్లది. నెల రోజుల నోటీసిచ్చి, కట్టడం విలువ చెల్లించి నేలని వెనక్కి తీసుకునే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది. జనరల్ ల్యాండ్ రిజిస్టరులో ఆ సర్వే నంబరు ఎదురుగా బి-3 అని ఉంటే మీరు కొంటున్నది ఎకరాల తోట కాదు, గోడలూ దూలాలూ పెంకులే. ధర కూడా వాటికే కట్టాలి.